తీపి తెలియని మాంత్రికుడు

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఉన్న రోజుల్లో, కలువకొండ రాజ్యాన్ని రత్నకేతుడనే రాజు ఏలేవాడు. ఆయన రాణి పేరు వకుళాదేవి. వాళ్లకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రతాపుడు, కత్తి పడితే తిరుగులేనివాడు. రెండోవాడు విదగ్ధుడు, అన్నం తింటూ కూడా పుస్తకం వదలనివాడు. మూడోవాడు సారంగుడు. వాడికి బలమూ అంతంతే, చదువూ అంతంతే. వాడికున్నదల్లా ఒక్క వింత అలవాటు. ఎవరు కనిపించినా "నీకెలా ఉంది?" అని అడిగేవాడు. అడిగి, జవాబు కోసం ఆగేవాడు. మనమూ అడుగుతాం పిల్లలూ, కానీ ఆగుతామా? వాడు ఆగేవాడు. అందుకని కోటలో అందరూ వాణ్ణి కొంచెం వెర్రిబాగులవాడి కింద జమకట్టారు.

ఒకరోజు అంతఃపురం తోటలోకి, చంకన కుండ పెట్టుకుని ఒక ముసలివాడు వచ్చాడు. రాణి ఒంటరిగా పూలు కోసుకుంటోంది. "అమ్మా, నేను కథలు కొంటాను. మీ కథ మీరు చెబితే చాలు, పట్టుచీర ఇస్తాను" అన్నాడు. రాణికి సరదా వేసింది. మొదటి రోజు చిన్ననాటి ఊసులు చెప్పింది. రెండో రోజు పెళ్లి ముచ్చట చెప్పింది. మూడో రోజు ముగ్గురు కొడుకులు పుట్టి పెరిగిన వైనం చెప్పింది. ఆమె చెబుతున్నంతసేపూ ముసలివాడు కుండ మూత తీసి పట్టుకున్నాడు. చెప్పిన మాట చెప్పినట్టే కుండలోకి జారిపోయింది. నాలుగో రోజు రాజు పలకరిస్తే ఆమె గబుక్కున లేచి నిలబడి, "తమరెవరండీ?" అని అడిగింది.

కోటలో గగ్గోలు పుట్టింది. వైద్యులు వచ్చారు. మనసనేది తలలో ఉంటుందని సగం మంది, కాదు గుండెలో ఉంటుందని సగం మంది, రాణిని మధ్యలో కూర్చోబెట్టి వాదించుకున్నారు. తలలోనే ఉంటుందని నమ్మిన ప్రతాపుడు మంచుకొండల నుంచి మూలికల తైలం తెచ్చి అమ్మ తలకు పట్టించాడు. జలుబు చేసింది. గుండెలోనే ఉంటుందని నమ్మిన విదగ్ధుడు ఏవో శ్లోకాలు చదివి ఆమె గుండె మీద ముత్యం కట్టాడు. గుండెల మీద బరువుగా ఉందని ఆమె తీసేసింది.

సారంగుడికి ఏ వైద్యమూ తెలియదు. రోజూ సాయంత్రం వెళ్లి అమ్మ పక్కన కూర్చునేవాడు. అప్పుడు వాడొక చిత్రం గమనించాడు. ఆమెకు చామంతిని చూపిస్తే దాని పేరు తెలియదు. కానీ పూలబుట్ట ముందు పెడితే చేతులు వాటంతటవే మాల కట్టేసేవి. ఒకనాడు వాడు, "నీకెలా ఉందమ్మా?" అని అడిగి ఆగాడు. ఆమె కడుతున్న మాల ఒళ్లో పెట్టుకుంది.

"సామానంతా ఎవరో పట్టుకుపోయిన ఇంట్లో కూర్చున్నట్టుంది బాబూ. ఆ కుండాయన వచ్చి వెళ్లిన దగ్గర్నుంచీ ఇంతే."

నెలలు గడిచినా, నీకెలా ఉందని ఆమెను అడిగినవాడే లేడు మరి. విదగ్ధుడు పుస్తకాలన్నీ తిరగేసి, అది కుండల మాంత్రికుడి పని అనీ, వాడు ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో ఉంటాడనీ చెప్పాడు. సారంగుడు మూట కట్టుకున్నాడు.

"వెళ్లకు బాబూ" అంది రాణి. "నువ్వెవరో నాకు తెలియదు. కానీ నువ్వొచ్చి కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది."

సారంగుడికి ఏడుపొచ్చింది. అమ్మ తనను ఒక్కసారి గుర్తుపట్టి కొడుకా అని పిలిస్తే చాలు, వాడికి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

సముద్రం ఒడ్డున కొండంత తాబేలు ఎండ కాచుకుంటోంది. "తాతా, ఇల్లంతా వీపు మీద మోస్తుంటే నీకెలా ఉంటుంది?" అని అడిగాడు సారంగుడు.

"మోస్తున్నానన్న సంగతే నాకు తెలియదురా మనవడా. నువ్వు అడిగాక ఇప్పుడు బరువనిపిస్తోంది" అని తాబేలు నిట్టూర్చింది. "నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎక్కు. ఇంత మోసినవాణ్ణి నిన్ను మొయ్యలేనా?"

అలా ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, కల్లు సముద్రం దాటారు. అక్కడ తాబేలు కొంచెం తూలింది, ఆ సంగతి మీకెందుకులెండి. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం కూడా దాటి దీవికి చేరారు.

దీవిలో ఎక్కడ చూసినా మూతలు వేసిన కుండలే. వాటి నడుమ ఒక పిల్ల కుమ్మరి సారె తిప్పుతోంది. సారంగుడు ఆమెను కూడా అడిగాడు.

"ఎలా ఉందంటే ఏం చెప్పను? నా పేరు నాకు తెలియదు, నా ఊరు తెలియదు, అన్నీ కుండలో పోసేసుకున్నాడు" అంది ఆ పిల్ల. "కానీ మట్టి ముట్టుకోగానే నా చేతులు పనిలో పడతాయి. వాటికి ఈ పని ఎవరు నేర్పారో గానీ, తెలిస్తే వాళ్ల కాళ్లకు దణ్ణం పెట్టుకుంటాను."

సారంగుడికి అమ్మ చేతులు గుర్తొచ్చాయి. ఇంతలో మాంత్రికుడు వచ్చాడు. సారంగుడు దాపరికం లేకుండా, "మా అమ్మ కుండ కోసం వచ్చాను" అన్నాడు.

"ఇస్తానురా. కానీ తీపి అంటే ఏమిటో నాకు తెలిసేలా చెప్పాలి" అన్నాడు మాంత్రికుడు. "ఒకప్పుడు నాకు తెలుసు. ఇప్పుడు తెలియడం లేదు. ఈ కుండల మూత తీసి వాసన చూస్తే ఒక్క క్షణం ఏదో తగిలినట్టుంటుంది, అంతలో పోతుంది. నీకు మూడు రోజులు గడువు. చెప్పలేకపోతే నీ కథ కూడా కుండలో పోస్తాను."

ఇదెంత పని అనుకున్నాడు సారంగుడు. మొదటి రోజు మూటలోంచి ఇంత బెల్లంముక్క తీసి మాంత్రికుడి నోట్లో పెట్టాడు. మాంత్రికుడు నమిలి మింగి, "మట్టి" అన్నాడు.

రెండో రోజు మాటలతో ప్రయత్నించాడు. "తీపి అంటే, ఎండలో ఆడి ఆడి వచ్చినప్పుడు అమ్మ కొంగుతో మొహం తుడిచినట్టు ఉంటుంది" అన్నాడు. "అది ఎలా ఉంటుంది?" అన్నాడు మాంత్రికుడు. "హాయిగా ఉంటుంది." "హాయి ఎలా ఉంటుంది?" ఎరిగినవాడికి చెప్పనక్కర్లేదు, ఎరగనివాడికి చెప్పే దారి లేదు. మాంత్రికుడు విసుక్కుని వెళ్లిపోతూ పగిలిన పెంకు మీద కాలు వేశాడు. పెంకు దిగి నెత్తురు కారుతున్నా అతను కిందికి కూడా చూడలేదు.

"అతనికి నొప్పి కూడా తెలియదా?" అని సారంగుడు పిల్లను అడిగాడు.

"నేనొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, తెలియదు" అంది పిల్ల. "చావు భయంతో తన ప్రాణాన్ని తీసి ఒక చిలకలో దాచుకున్నాడట. ఆ కొండ గుహలో ఉందట చిలక. దాని మెడ విరుద్దామని వెళ్లినవాళ్లంతా చీకట్లో దారి తప్పారు, ఒక్కరూ తిరిగి రాలేదు."

దాచడమంటే డబ్బాలో అటుకులు దాచినట్టు అనుకున్నాడు పాపం మాంత్రికుడు. ప్రాణంతో పాటు ఇంకేం పోతుందో అతను ఆలోచించుకోలేదు.

మూడో రోజు పొద్దున్నే సారంగుడు గుహ దగ్గరికి వెళ్లాడు. అబద్ధం ఎందుకు, వాడూ మెడ విరవడానికే వెళ్లాడు. పట్టపగలు కూడా లోపల కళ్లు పొడుచుకున్నా కనిపించని చీకటి. గుమ్మంలో ఒక గబ్బిలం వేలాడుతోంది. "పిన్నీ, తలకిందులుగా ఉంటే నీకెలా ఉంటుంది?" అన్నాడు.

"నేను బాగానే ఉన్నాను నాయనా, మీరే అంతా తలకిందులుగా నడుస్తుంటారు" అంది గబ్బిలం. "మీకు చీకటంటే ఏమీ లేకపోవడం. నాకు అలా కాదు. నేను కూస్తాను, గోడ తిరిగి కూస్తుంది, అదే నాకు చూపు. నా రెక్కల చప్పుడు పట్టుకుని రా." వాడు రెక్కల చప్పుడు వెంట నడిచాడు.

గుహ చివర, కొండ పగులులోంచి ఇంత వెలుగు పడుతున్నచోట, చిలక ఉంది. సారంగుడు చెయ్యి చాచి ఆగిపోయాడు. చిలక ఒంటి కాలి మీద నిలబడి ఉంది. రెండో కాలికి గాయం లేదు, కానీ అది దాన్ని కింద ఆనించలేక వణుకుతోంది.

"నీకెలా ఉంది?" అన్నాడు సారంగుడు.

"కాలు మండిపోతోంది. నిన్న దాన్లో ఏదో దిగింది, ఏమిటో కనబడలేదు" అంది చిలక. "మొన్న మాత్రం బాగుంది. నోట్లోకి ఉన్నట్టుండి తియ్యగా వచ్చింది, బెల్లంలా. ఎక్కడిదో తెలియదు. మూడువందల ఏళ్లుగా ఇంతే. ఎవరి ఆకలో నాకు వేస్తుంది, ఎవరి గాయమో నాకు నొప్పి పెడుతుంది. నా ఆకలి ఏదో, నా నొప్పి ఏదో మరిచిపోయాను."

సారంగుడికి అప్పుడు అర్థమైంది. తాను బెల్లం పెట్టింది అక్కడ, తియ్యగా తగిలింది ఇక్కడ. వాడు చిలకకు జరిగిందంతా చెప్పి, "నాతో వస్తావా? ఎవరిది వాళ్లకు ఇచ్చేద్దాం" అన్నాడు. చిలక ఎగిరి వాడి భుజం మీద వాలింది.

సాయంత్రానికి కుమ్మరి పిల్ల పాయసం వండింది. సారంగుడు చిలకను ఉత్తరీయం కింద దాచి మాంత్రికుడి ముందు కూర్చున్నాడు. "మీకు తీపి తెలిస్తే ఈ కుండలన్నీ ఎవరివి వాళ్లకు ఇచ్చేయాలి" అని ఒట్టు వేయించుకున్నాడు. "ఇప్పుడు కళ్లు మూసుకోండి. నోరు తెరవండి." చిలకను చూస్తే అతను భయపడి లాక్కుంటాడని వాడికి తెలుసు. మాంత్రికుడు కళ్లు మూశాడు. సారంగుడు పాయసం నోట్లో పోశాడు, చిలక ముందుకు వంగి అతని పెదవి మీద ముక్కు ఆనించింది. దాచిన ప్రాణం దాని దారిన అది వెనక్కి వెళ్లిపోయింది.

"అబ్బా, కాలు" అన్నాడు మాంత్రికుడు. తర్వాత నాలుక చప్పరించాడు. తర్వాత ముడతలుపడ్డ ఆ మొహం చిన్నపిల్లవాడి మొహంలా అయిపోయి, వెక్కి వెక్కి ఏడ్చాడు. చుట్టూ ఉన్న కుండల వంక చూడలేకపోయాడు. ఒక్కో కుండ వెనక ఎవరింట్లో ఎంత దుఃఖముందో అతనికి అప్పుడే మొదటిసారి తెలిసింది.

పిల్ల కుండ మూత అక్కడే తీశారు, మిగతావి ఎవరివి వాళ్లకు చేర్చడానికి తాబేలు వీపు మీదికి ఎక్కించారు. కుమ్మరి పిల్లకు తన పేరు పైడి అనీ, సారె నేర్పింది తన తాతేననీ గుర్తొచ్చింది. మాంత్రికుడు వకుళాదేవి కుండ తెచ్చి, సారంగుడి చేతిలో పెట్టలేక పెట్టాడు.

"నాయనా, ఇందులో నీ అన్నలిద్దరి ముచ్చటా ఉంది. నువ్వు పుట్టిన ముచ్చట, నిన్ను పెంచిన ముచ్చట లేవు. అన్నిటికంటే తియ్యనివి అవే. వాసన చూసి చూసి నేనే అరగదీసేశాను. నన్ను క్షమించమని అడగను."

సారంగుడు ఆ కుండ మూత బిగించి మూటలో పెట్టుకున్నాడు. మాంత్రికుడు ఆ తర్వాత ఎనిమిది రోజులే బతికాడు. ఎనిమిది రోజులూ పైడి వండిన పాయసం తిన్నాడు, ప్రతిరోజూ కాలినొప్పికి మూలిగాడు, రెండూ బాగున్నాయన్నాడు. చిలక తనకు ఆకలేసినప్పుడు జామపండ్లు తింటూ దీవిలోనే ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో ఏడు సముద్రాల పొడుగునా పైడి సారంగుణ్ణి ఒక్కటే అడిగేది, "నీకెలా ఉంది?" అని. వాణ్ణి అలా ఎదురు అడిగిన మనిషి ఆమే. ఏడో సముద్రం దాటేసరికి వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుందామనుకున్నారు.

కోటలో కుండ మూత తీశారు. రాణి రాజును చూసి సిగ్గుపడింది. ప్రతాపుణ్ణీ విదగ్ధుణ్ణీ పేరుపెట్టి పిలిచి కావలించుకుంది. సారంగుడి దగ్గరకొచ్చి ఆగిపోయి, వాడి మొహంలోకి వెతుకుతున్నట్టు చూసింది. వాడు నీకెలా ఉందని అడగలేదు, జన్మలో మొదటిసారి.

మర్నాడు పెళ్లికి ముహూర్తం పెట్టడానికి పురోహితుడు వచ్చాడు. పైడి తన నక్షత్రం తాను చెప్పింది. "పెళ్లికొడుకు పుట్టిన తిథి, వేళ ఏమిటమ్మా? కన్నతల్లే చెప్పాలి" అన్నాడు పురోహితుడు. రాజు గబగబా తాను చెప్పబోయాడు. రాణి చెయ్యెత్తి ఆయనను ఆపింది.

"నన్నడిగారు, నేనే చెబుతాను. కార్తీక శుద్ధ తదియ, దీపాలు పెట్టే వేళ. నాకు ఈ లోకంలో ఎవరూ తెలియని రోజు అది. ఒక అబ్బాయి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాకే కొడుకుంటే ఇలా ఉండాలనుకున్నాను. వీడు పుట్టింది అప్పుడే. రాసుకోండి."

పురోహితుడు వేళ్లు ముడిచి లెక్కవేసి, "అనూరాధ, దివ్యమైన నక్షత్రం" అని రాసుకున్నాడు. ఆ నక్షత్రానికే ముహూర్తం పెట్టారు, ఆ ముహూర్తానికే పెళ్లి జరిగింది. అన్నలిద్దరూ సింహాసనం తమ్ముడికే వదిలిపెట్టారు, సారంగుడూ పైడీ కలువకొండను అరవై ఏళ్లు చల్లగా ఏలారు. ఆ అరవై ఏళ్లూ రాజుగారి పుట్టినరోజు ఊరంతా కార్తీక శుద్ధ తదియనాడే చేసుకుంది.