చిలక కాలి వేళ్ళు

అనగనగా గంధగిరిలో ఒక రాజు. రాజన్నాక ముగ్గురు కొడుకులుండాలి కదా, ఉన్నారు. ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడొకడు చిన్నవాడు ఉదయసేనుణ్ణి ఎత్తుకుపోయి రాయిని చేశాడు. ఆ మాంత్రికుడి ప్రాణం ఒకేలా ఉండే మూడు చిలకల్లో ఒకదానిలో ఉంది. తప్పు చిలకను పట్టినవాడు రాయైపోతాడు. పెద్దవాడు వెళ్ళి రాయయ్యాడు. నడిపివాడు వెళ్ళి రాయయ్యాడు.

ఆ ఊళ్ళో అద్దకంవాళ్ళ పిల్ల అంకమ్మ. బొగ్గు, ఇటుకపొడి, చిక్కుడాకు పసరు తప్ప ఆమెకు గురువు లేడు. కాకిని చూసి కాకిని, మేకను చూసి మేకను, గుర్రమెక్కి పోతున్న ఉదయసేనుణ్ణి చూసి ఉదయసేనుణ్ణి ఇంటి గోడ మీద గీసింది. సరిగ్గా వచ్చిందో లేదో ఆమెకు ఎప్పుడూ తెలిసేది కాదు. చెప్పేవాళ్ళెవరు?

అటుగా వచ్చిన రాజు ఆ గోడ చూసి ఏడ్చాడు. "చిలకల్ని ఈ పిల్ల కళ్ళే పోల్చగలవు" అన్నాడు.

"గురువు లేని విద్య గుడ్డి విద్య, ప్రభూ" అన్నాడు ఆస్థాన చిత్రకారుడు.

"అయితే తమరు వెళ్తారా?"

ఆయనకు అప్పటికప్పుడు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి.

అంకమ్మే బయల్దేరింది. సముద్రపు ఒడ్డున ముసలి తాబేలు అడ్డం వచ్చి, "నా వీపెలా ఉంటుందో నేనెన్నడూ చూడలేదే పిల్లా, గీసి చూపించు" అంది. ఇసకలో గీసింది.

"ఇన్ని ముడతలా? నీకు గీయడం రాదు" అంది తాబేలు. చుట్టూ తిరిగి మళ్ళీ మళ్ళీ చూసుకుని, "సరే, ఎక్కు" అంది.

బాగుందన్నట్టా, బాగాలేదన్నట్టా? ఏడు సముద్రాలూ అంకమ్మకు అదే ఆలోచన.

గుహలో మూడు చిలకలు. "ప్రాణం నాలో ఉంది" అంది మొదటిది. రెండోదీ అదే అంది. మూడోదీ అదే అంది. రెండు మాంత్రికుడు బొమ్మలు గీసి ఊపిరి పోసినవి, ఒకటి నిజమైంది. అదే ఎర్రముక్కు, అదే మెడ పట్టీ. అంకమ్మకు తల తిరిగింది. ఏమీ తోచనప్పుడు చేసే పనే చేసింది. బొగ్గు తీసి గీయడానికి కూర్చుంది.

కాళ్ళ దగ్గర చెయ్యి ఆగిపోయింది. రెండింటికి ముందు మూడు వేళ్ళు, వెనక ఒకటి, కోటగోడల మీద బొమ్మల్లో ఉన్నట్టే. ఒకదానికి మాత్రం ముందు రెండు, వెనక రెండు. ఏది తప్పు? అంతంత పెద్దవాళ్ళు గీసిందా, ఊళ్ళో జామచెట్టు మీది చిలకకు తను చూసిందా?

"తెమలవేమే?" అని గుహ మూల నుంచి నవ్వాడు మాంత్రికుడు. "నేను పన్నెండేళ్ళు గురువుల దగ్గర కూర్చుని చిలకలు గీశాను."

"గీశావు సరే, ఎప్పుడైనా చూశావా?" అంది అంకమ్మ. అన్నదే గానీ నమ్మకం లేదు. కళ్ళు మూసుకుని, ముందు రెండు వేళ్ళున్న చిలకను పట్టి మెడ నులిమేసింది.

మాంత్రికుడు కూలిపోయాడు. మూడు రాళ్ళూ ఆవులించి మనుషులయ్యాయి.

అన్నలిద్దరూ నడుం పట్టేసిందని, రాజ్యం తమకొద్దన్నారు. ఉదయసేనుడు అంకమ్మను పెళ్ళాడి నూరేళ్ళు ఏలాడు. ఆ నూరేళ్ళూ ఆమె ఆయన్ని గీస్తూనే ఉంది. ఒక బొమ్మ మరోదానిలా వచ్చేది కాదు.

"ఇన్నిట్లో నేనెవర్ని?" అనేవాడాయన.

"నాకూ తెలీదు. రాయిగా ఉన్నప్పుడే గీయాల్సింది, కుదురుగా ఉండేవారు" అనేది అంకమ్మ.