గవర్రాజు కారు లైట్లకి ఎండ తగలకూడదు

గుమ్మళ్ళపాడులో గవర్రాజు ఇంట్లో ఉన్నది ముగ్గురే మనుషులు. గవర్రాజు, భార్య మంగాయమ్మ, తమ్ముడు ఏడుకొండలు. తెలివి మాత్రం ఊరంతటికీ పంచినా ఇంకా మిగులుతుందని వాళ్ళ నమ్మకం. "చెప్పింది చెప్పినట్టు చేసేవాణ్ణి మించిన తెలివైనవాడు ఎవడుంటాడు?" అని అరుగు మీద కూర్చుని గవర్రాజు అడిగేవాడు. "ఎవడూ ఉండడు" అని మిగతా ఇద్దరూ అనేవాళ్ళు. ఇంకేముంది, ముగ్గురికి ముగ్గురూ ఒప్పుకున్నాక వేరే సాక్ష్యం ఎందుకు!

వాళ్ళకో పదిహేనేళ్ళ తెల్ల కారుంది. పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ దాన్ని బాడుగకి తిప్పే ముగ్గురూ బతుకుతున్నారు. దాని ముందు లైట్లు కామెర్లొచ్చిన కళ్ళలా పచ్చబడిపోయాయి. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు చూసి, "ఇది లైటా, ఆముదం దీపమా? సోమవారానికి బాగుచేసుకొస్తే ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెడతాను. లేదంటే ఈ కారు రోడ్డెక్కడానికి వీల్లేదు" అన్నారు. కారు ఆగిందంటే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

గవర్రాజు షెడ్డు మస్తాన్ దగ్గరికి పరిగెత్తాడు. మస్తాన్ మంచివాడు. "కొత్తవెందుకండీ, ఇంట్లోనే చేసుకోవచ్చు. సబ్బునీళ్ళతో కడగండి. గీతలు పడకుండా పెయింటు మీద టేపు అంటించండి. నీళ్ళు పోస్తూ పచ్చదనం పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దండి. తర్వాత పళ్ళపేస్టు పెట్టి, పళ్ళు తోముకున్నట్టే తోమండి. ఆఖర్న ఈ డబ్బాలో మందు పూయండి. ఆపైన వాటికి ఎండ తగలకుండా చూసుకోండి, ఎండే వాటికి శత్రువు" అన్నాడు.

అంతే. శనివారం పొద్దున్నే పని మొదలెట్టారు.

"ఒరే కొండలూ, నువ్వు లోపల కూర్చుని లైటు వేస్తూ ఆర్పుతూ ఉండు" అన్నాడు గవర్రాజు. మొగుడూ పెళ్ళాం టేపు అందుకున్నారు. లైటు చుట్టూ పెయింటుంది, అంటించారు. బానెట్టు మీదా పెయింటే, అంటించారు. తలుపుల మీద పెయింటు లేదా మరి? పదకొండు చుట్టలు అయిపోయేసరికి కారు మూటకట్టిన సామానులా తయారైంది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ఏడుకొండలు లేడు! ఊరంతా వెతికారు. కారు చూస్తే ఒకటే హారన్.

"ఏవండీ, ఆ హారన్ ఎవరు కొడుతున్నారో!" అంది మంగాయమ్మ.

"కొండలు ఉంటే చూసొచ్చేవాడే, పాపం" అని గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రానికి ఎవరో దారినపోయేవాళ్ళు తలుపు మీద టేపు కోస్తే, ఏడుకొండలు చెమటతో తడిసి బయటపడ్డాడు. "నువ్వు లోపల దాక్కుని మమ్మల్ని ఊరంతా తిప్పుతావట్రా?" అని అన్న నాలుగు తగిలించాడు.

ఆదివారం ఉప్పుకాగితం పని అయ్యాక పేస్టు పని. చక్కగా తోమారు, కడిగారు. మంగాయమ్మకి అనుమానం వచ్చింది. "పళ్ళు తోముకున్నట్టే అన్నాడు కదా, నాలుక గీయొద్దా?"

"అవును కదూ! నాలుకేదిరా దీనికి?"

టేపంతా పీకి బానెట్టెత్తి వెతికారు. ఇంజన్లో ఆయిలు ఎంతుందో చూసే సన్నటి ఇనప బద్ద దొరికింది. లాగారు. "అమ్మో, ఎంత నల్లగా ఉందో! పదిహేనేళ్ళుగా గీయనేలేదు!" అని మంగాయమ్మ జాలిపడింది. ఏడుకొండలు తన నాలుకబద్దతోనే శుభ్రంగా గీశాడు. మర్నాడు పొద్దున అదే నాలుకబద్దతో తన నాలుకా గీసుకున్నాడు, అది వేరే సంగతి.

ఆఖర్న మందు పూశారు. మీరు నమ్మరు గానీ, లైట్లు మాత్రం ఆణిముత్యాల్లా మెరిశాయి!

సోమవారం పొద్దున బయల్దేరబోతే సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆఫీసు నేరుగా తూర్పున, ఆరు కిలోమీటర్లు.

"అన్నయ్యా, ముందుకి వెళ్తే లైట్లకి ఎండ తగులుతుంది!"

"అయితే వెనక్కి వెళ్దాం" అన్నాడు గవర్రాజు. ఇంకేముంది, రివర్సు గేరు వేశాడు. ఆరు కిలోమీటర్లూ మెడ తిప్పుకుని వెనక్కే నడిపాడు. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏమయ్యా, వస్తున్నావా, పోతున్నావా?" అని అరిచాడు. "ఎండ తగలకుండా పోతున్నాం!" అని ముగ్గురూ గర్వంగా చెప్పారు.

ఇన్‌స్పెక్టరు గారు లైట్లు చూశారు. వేయించి చూశారు, ఆర్పించి చూశారు. "శభాష్ గవర్రాజూ! షోరూములోంచి వచ్చినట్టున్నాయి. పాసు!" అని కాగితం బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీశారు.

అప్పుడు ఏడుకొండలు కారు వెనక్కి వెళ్ళి గావుకేక పెట్టాడు.

"అన్నయ్యా! కొంప మునిగింది! దారంతా ఎండ వెనక లైట్లకి తగిలింది. చూడు, ఎర్రగా కందిపోయాయి!"

గవర్రాజు కార్లోంచి మిగిలిన ఉప్పుకాగితాలు లాగాడు. "ముందువి పచ్చబడినందుకే కాగితం ఆపారు. ఇవి ఎర్రబడితే జైలే! సంతకం పడేలోగా రుద్దండి!"

అంతే. మంగాయమ్మ నీళ్ళు పోసింది, అన్నదమ్ములు ఉప్పుకాగితాలు పట్టుకుని చెరోవైపు కూర్చున్నారు. బరబరా చప్పుడు విని ఇన్‌స్పెక్టరు గారు పెన్ను పట్టుకునే పరిగెత్తుకొచ్చారు.

"ఏయ్, ఆపండి! అవి పుట్టుకతోనే ఎరుపయ్యా!"

గవర్రాజు చెయ్యి ఆపలేదు. "పుట్టినప్పట్నించీ ఎండలోనే ఉన్నాయా, పాపం! ఒరే కొండలూ, అయితే ఇది పాత ఎరుపురా. ఇంకా గట్టిగా రుద్దు!"

ఇన్‌స్పెక్టరు గారు పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకున్నారు.

"చూశావుటే," అన్నాడు గవర్రాజు పెళ్ళాంతో, "మనం శ్రద్ధగా చేస్తుంటే ఆయన ఎంత ఓపికగా ఆగారో!"