బాతు వేళ్లు ఎందుకు అతుక్కున్నాయంటే

ఒకప్పుడు బాతుపిల్ల కాలివేళ్లు కోడిపిల్ల వేళ్లలాగే విడివిడిగా ఉండేవి. తిన్నగా నడిచేది. చెడగొట్టింది వాళ్లమ్మే. ఎవరేమన్నా సరే, నేనీ మాటే అంటాను.

ఆ తల్లిబాతు పేరు దుబ్బమ్మ. కప్పల పెళ్లికి తన చిన్నపిల్లాడు పిడికెడుగాడికి కొత్త జోళ్లు తొడగాలని దానికి బుద్ధి పుట్టింది. ఆ రోజుల్లో తాటినారతో జోళ్లు అల్లేవాడు గిజిగాడు. దుబ్బమ్మ ఓ గడ్డిపుల్ల పట్టుకుని వాడి దగ్గరికి వెళ్లింది.

"ఇదిగో అన్నా, కొలత."

"పిల్లాడేడి?"

"నిద్రపోతుంటే పుల్లతో కొలిచి తుంచుకొచ్చా. మెలకువగా ఉంటే ఒకచోట నిలుస్తాడా వాడు?"

గిజిగాడికి ఒళ్లు మండింది. "పడుకున్న కాలు వేరు, నిలబడ్డ కాలు వేరు తల్లీ! బరువు పడితే వేళ్లు విచ్చుకుంటాయి. పుల్ల పొడుగు చెబుతుంది, వెడల్పు చెబుతుందా? పిల్లాణ్ణి తీసుకురా. నిలబెట్టి, వేళ్లముందు కాస్త చోటుంచి అల్లుతా."

"నలుగుర్ని పెంచాను, నాకే చెబుతావా? నువ్వు కాకపోతే సాలీడు అల్లుతాడు!"

సాలీడు పేరెత్తేసరికి గిజిగాడికి రోషమొచ్చింది. పుల్ల ప్రకారమే అల్లి పడేశాడు. చూడండి, తెలిసి తెలిసి! వాణ్ణీ నేను క్షమించను.

పెళ్లిరోజు పిడికెడుగాడు ఒకటే ఏడుపు. "నొప్పే అమ్మా!"

"కొత్తవి అంతే. తొడుక్కుంటే అవే సాగుతాయి."

కప్పల పెళ్లికి వాన రాకుండా ఉంటుందా? కుమ్మేసింది. నార తడిసి ఇంకా బిగుసుకుంది.

"తియ్యవే అమ్మా!"

"ఇంకో మూడు రోజులు ఉండనీ."

నాలుగో రోజుకి పిల్లాడు లేచి నిలబడలేకపోయాడు. అప్పుడు దుబ్బమ్మ వాణ్ణి వీపుమీద వేసుకుని గిజిగాడి దగ్గరికి పరుగో పరుగు. గిజిగాడు ముక్కుతో నార తెంపాడు. చూస్తే ఏముంది! వేళ్లమధ్య తోలు అతుక్కుపోయింది.

దుబ్బమ్మ లబోదిబోమంది. "విడదియ్యన్నా!"

"ఇదేమన్నా నారా, తెంపడానికి? వీడు మళ్లీ నడుస్తాడో లేదో నాకైతే తెలీదు. ముందు ఆ మంట చల్లారనీ, కాలవలో దింపు."

పిడికెడుగాడు నీళ్లలో కాళ్లు పెట్టాడు. మంటకి ఒక్క తన్ను తన్నాడు. ఆ తోలు నీళ్లని వెనక్కి నెట్టింది. వాడు సర్రున ముందుకు పోయాడు!

"అమ్మా, ఇక్కడ నొప్పి లేదే!"

పిలిస్తే గట్టెక్కితేనా!

అప్పటినుంచే బాతు వేళ్లమధ్య తోలు ఉంది. అప్పటినుంచే అది నీళ్లలో దర్జాగా పోతుంది, నేలమీద అటు ఊగి ఇటు ఊగి నడుస్తుంది. ఆ నడక చూసి పిల్లని వెక్కిరించకండి. వెక్కిరించాలనుంటే వాళ్లమ్మని వెక్కిరించండి.