మస్తాన్ పేరున్న రొట్టె

శఠగోపం గారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగిన మనిషి ముఖంలోకి కాసేపు చూసి, నువ్వు అడగదలచుకున్నది నిజంగా ఇదేనా అనేవారు. చాలాసార్లు అది అయ్యేది కాదు. అసలు ప్రశ్న బయటికి వచ్చేదాకా ఆయన ఆగేవారు.

మైథిలి ఆయన దగ్గర చాలా ఏళ్లు ఉపనిషత్తులు చదువుకున్న మనిషి. ఆ సంవత్సరమే గుంటూరు సభల్లో తనంతట తాను ప్రసంగాలు చేయడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం మేమంతా బ్రాడీపేటలో ఆయన మేడగదిలో కూర్చుని ఉండగా, ఒకరి దగ్గర విని నేర్చుకున్న జ్ఞానం జ్ఞానమే అవుతుందా అని అడిగింది. ఆయన అలవాటు చొప్పున ఆమె ముఖంలోకి చూశారు. ఆమె తల దించుకుని అసలు సంగతి చెప్పింది. ఆయన దగ్గర విన్న మాటలు చెప్పిన రోజున జనం కళ్లు తుడుచుకుంటున్నారట, దగ్గరికి వచ్చి కాళ్లకు దణ్ణం పెడుతున్నారట. తాను నిద్ర మానుకుని ఆలోచించి, సొంతంగా చెప్పిన రోజున మధ్యలోనే లేచి వెళ్లిపోతున్నారట.

"ఆ దణ్ణాలు నేను తీసుకోవచ్చా గురువుగారూ?" అంది.

శఠగోపం గారు ఉపనిషత్తు జోలికి పోలేదు. మస్తాన్ సంగతి చెప్పారు. ఆయన చెప్పినది నాకు గుర్తున్నంతవరకు ఇది.

మస్తాన్‌కు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య ఒక బేకరీ ఉండేది. కట్టెల బట్టీ. రాత్రి పిండి పిసికి పెట్టి, తెల్లవారేసరికి కాల్చేవాడు. మన ఊళ్లలో బ్రెడ్ అంటే జ్వరం వచ్చినవాళ్ల తిండే కదా, ఆసుపత్రికి వెళ్లేవాళ్లంతా పాలసీసా పట్టుకుని ముందు అతని దగ్గర ఆగేవారు. అతని రొట్టె పైన కాస్త గట్టిగా, లోపల దిట్టంగా ఉండేది. పాలలో ముంచినా విడిపోయేది కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ బట్టీ కూలిపోయింది.

అప్పుడే ఊళ్లో ఒక పెద్ద సూపర్ మార్కెట్ తెరిచారు. లోపల ఒక మూల అద్దాల గది కట్టి, ఓవెన్ పెట్టి, మస్తాన్‌ను పిలిచి తెల్ల టోపీ ఇచ్చారు. గది మీద అతని బొమ్మతో బోర్డు పెట్టారు: మస్తాన్ గారి చేతి బ్రెడ్, ఇక్కడే, ఇప్పుడే. కానీ అతని చెయ్యి ఆ పిండిలో పడేది కాదు. ఎక్కడో ఫ్యాక్టరీలో పిసికి, అచ్చులో పెట్టి, మంచుగడ్డలా బిగించిన ముద్దలు వ్యానులో వచ్చేవి. వాటిని మెత్తబడనిచ్చి ఓవెన్‌లో పెట్టడం, గంట మోగితే తీయడం, అంతే అతని పని. సాయంత్రం పూట గది తలుపు తెరిచి ఉంచమనేవారు. ఆ వాసన కూరగాయల దాకా వెళ్లేది. దాని వెంబడే జనం వచ్చేవారు. జీతం మీద ఇల్లు గడుస్తోంది కాబట్టి, ఆ బోర్డు వంక చూడకుండా లోపలికి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు.

ఒకనాడు భ్రమరాంబ అనే ఆవిడ ఆ బోర్డు చూసి ఆగిపోయింది. ఆమె భర్త నాంచారయ్య పాత బేకరీ పక్క ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరుగా చేసినవాడు. పొద్దున్నే మస్తాన్ దగ్గర వేడివేడి రొట్టె తిని గాని అక్షరాలు పట్టుకునేవాడు కాదు. ఇప్పుడు ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నాడు. ఏది పెట్టినా నోట్లోంచి ఉమ్మేస్తున్నాడు. తినకపోతే కోలుకోడని డాక్టర్లు అంటున్నారు. మస్తాన్ రొట్టె ఉంటే తింటాను అన్నాడట. ఆ బేకరీ లేదని చెప్పలేక ఆమె ఊరంతా తిరుగుతోంది. అద్దం వెనుక మస్తాన్‌ను చూడగానే ఆమెకు ఏడుపొచ్చింది. ఒక రొట్టె తీసుకుని, ఇంకో మాట లేకుండా పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. ఇది నాది కాదమ్మా అని చెప్పే వ్యవధి తనకు దొరకలేదని మస్తాన్ అనుకున్నాడు. తరువాత ఆలోచిస్తే, వ్యవధి ఉందనే తోచింది.

మరునాడు ఆమె మళ్లీ వచ్చింది. ఆయన తిన్నాడని, పాలు అడిగి మరీ తిన్నాడని, మస్తాన్ చెయ్యి మస్తాన్ చెయ్యే అన్నాడని, చుట్టూ సామాన్లు కొనేవాళ్లు వినేలా చెప్పింది. వాళ్లలో కొందరు మస్తాన్ వంక గౌరవంగా చూశారు. అతనికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ పూటకు రొట్టె నేనే తెచ్చి ఇస్తాను, మీరు కొనకండి అని ఆమెను పంపేశాడు.

మేనేజరును అడిగి ఇంటికి వెళ్లాడు. పిండి పిసికాడు. పక్కింటివాళ్ల ఓవెన్‌లో కాల్చాడు. ఎంతో కాలం తరువాత వేళ్లకు పిండి అంటింది. ముక్క విరిచి నోట్లో వేసుకుంటే అది తన రొట్టే, సందేహం లేదు. గుడ్డలో చుట్టి ఆసుపత్రి వరండాలో ఆమె చేతికి ఇచ్చి వచ్చాడు. ఆ సాయంత్రం ఓవెన్ దగ్గర నిలబడి పాట పాడుకున్నాడట.

పొద్దున భ్రమరాంబ ఆ గుడ్డ మడత పెట్టి తిరిగి తెచ్చింది. చాలాసేపు మొహమాటపడి చెప్పింది. ఆయన ఒక ముక్క కొరికి పక్కన పెట్టేశాడట. నోరు గీసుకుపోతోందన్నాడట. ఇది ఎవరిదో, మస్తాన్‌ది కాదు, మొన్నటిది తీసుకురా అన్నాడట.

అక్కడ మస్తాన్ ఊరుకున్నా సరిపోయేది. ఆమె అతన్ని ఏమీ అనడం లేదు. అయినా అతను తెల్ల టోపీ తీసి చేత్తో పట్టుకుని అన్నాడు. "అమ్మా, మొన్నటిది నాది కాదు. ఎవరు పిసికారో నాకు తెలియదు. నిన్నటిదే నాది."

ఆమె అక్కడున్న బియ్యం బస్తా మీద కూర్చుండిపోయింది. బోర్డు వంక చూసింది, అతని వంక చూసింది. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు.

"ఆయనకు మాత్రం చెప్పకండి భాయ్. ఆ రుచి పేరు చెప్పుకునే లేచి కూర్చున్నాడు," అని, "ఆ మెత్తటిదే ఒకటి ఇవ్వండి," అంది.

అతను ఇచ్చాడు. ఆమె వెళ్లాక ఆ షాపు రొట్టెనే ఒక ముక్క తుంచి, మొదటిసారి శ్రద్ధగా తిన్నాడు. కాస్త తియ్యగా, దూదిలా ఉంది. మింగడానికి ఏ కష్టమూ లేదు. తనది ఆరోగ్యం ఉన్న నోటికి రుచి. ఇది జబ్బు నోటికి హాయి. ఏళ్లతరబడి ఆసుపత్రివాళ్లకు అమ్మినా ఆ తేడా అతనికి తట్టలేదు. ఆ మాట ఒప్పుకోవడం అతనికి చాలా కష్టమైంది.

తరువాత మేనేజరు దగ్గరికి వెళ్లి బోర్డు మీద తన పేరు తీసేయమన్నాడు. మేనేజరు చెడ్డవాడు కాదు. పేరు కోసమే నిన్ను పెట్టుకున్నాం, పేరు లేకపోతే నువ్వెందుకు అని పైవాళ్లు అడుగుతారని నెమ్మదిగానే చెప్పాడు. వేరే మనిషి దొరికేదాకా చేస్తానని, దొరికాక వెళ్లిపోతానని మస్తాన్ అన్నాడు. ఇంటికి వెళ్లి భార్యకు చెబితే ఆమె ఆ పూట అతనితో మాట్లాడలేదు. కొన్నాళ్లకు బోర్డు మారింది. ఇక్కడే కాల్చినది అని మాత్రం రాశారు. వేరే మనిషిని ఎవరూ వెదకలేదు. జనం ఎప్పటిలాగే వాసన వెంబడి వచ్చారు. పేరు పోయిన సంగతి ఒక్కరూ గమనించలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డవాణ్ణి అదే ఎక్కువ బాధ పెట్టింది.

నాంచారయ్య కోలుకున్నాడు. ఇప్పటికీ బజారులో కనబడితే, నీ రొట్టె నన్ను బతికించిందయ్యా అని మస్తాన్ చెయ్యి పట్టుకుంటాడు. మస్తాన్ ఆ మాట అందుకోలేడు, తిప్పి పంపలేడు. తల వంచి ఆయన ఒంట్లో ఎలా ఉందని అడుగుతాడు. షాపులో మాత్రం గంట మోగేదాకా పక్కన కూర్చోవడం మానేశాడు. ఓవెన్ అద్దం ముందే నిలబడి, రంగు తిరగడం కళ్లతో చూసి తీస్తాడు. ఎందుకు భాయ్, మిషనే చెబుతుందిగా అని తోటివాళ్లు అంటే, ఎవరి నోటికి వెళుతుందో మిషనుకు తెలియదు కదా అంటాడు.

శఠగోపం గారు అంతవరకు చెప్పి మంచినీళ్లు తాగారు. మైథిలి, ఇంతకీ ఆ మనిషిని లేపి కూర్చోబెట్టిన రొట్టె ఎవరిదని చెప్పుకోవాలి, ఫ్యాక్టరీదా, మస్తాన్‌దా అని అడిగింది.

నీ సభల్లో కళ్లు తుడుచుకునేవాళ్లనూ తలుచుకో అంటూ ఆయన గ్లాసు కింద పెట్టారు.

"అది నాకు తెలియదమ్మా. ఆకలి మాత్రం నాంచారయ్యది."