మధ్యాహ్నం బస్తా

పథ్యం చెయ్యని రోగులను చూస్తే మఠంలో వైద్యం చేసే రుద్రయ్యకు ఒళ్లు మండేది. ఆ వేసవిలో ఆ మంటంతా మాబున్ని మీదికి మళ్లింది.

మాబున్నిది బట్టీ పని. మఠం ఎదురుసందులో నాగభూషణం శెట్టికి రేకుల కప్పు బట్టీ ఉంది. పొయ్యిలో వేరుశనగ పొట్టు మండుతూ ఉంటే, పెద్ద మూకుడులో ఇసుక కాగుతూ ఉంటే, అందులో వడ్లు పోసి పేలాలు వేయించేది. మనిషి నలభై దాటి ఉంటుంది. ఊళ్లో వాళ్లు తినే పేలాలన్నీ ఆమె చేతి మీదుగా రావలసినవే.

రుద్రయ్య ఆమె నాడి చూశాడు. కళ్లు మంట, అరికాళ్లు మంట, మూత్రం చురుకు. ఒంట్లో వేడి పెచ్చుపెరిగిందని తేల్చాడు. అందులో తప్పేమీ లేదు. పథ్యం కూడా సరిగ్గానే చెప్పాడు. ఊరగాయ, చింతపండు, ఉలవచారు మానెయ్యాలి. సొరకాయ, పెసరకట్టు తినాలి. సుగంధిపాల వేరు నానబెట్టిన నీళ్లలో కలకండ వేసుకుని తాగాలి. పొద్దున్నే మాడుకూ అరికాళ్లకూ ఆముదం పెట్టుకోవాలి. ఎండపూట నీడపట్టున పడుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, కోపం తెచ్చుకోకూడదు.

ఇంత చెబితే ఆమె ఏం చేసింది? వేడి తగ్గించుకోవడం పోయి, ఇంకా పెంచుకుని వచ్చింది. ఒక పొద్దున కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మఠం అరుగు మీద కూర్చుంది. కొంగు నిండా రక్తం.

"నిన్న ఏం తింటివి?" అన్నాడు రుద్రయ్య.

"సొరకాయ, సామీ. కారం కూడా ఎయ్యలేదు."

"ఆముదం?"

"పెట్టినా. నా మాడు సూడు, ఇంగా జిడ్డు పోలేదు."

"మధ్యాన్నం పండుకుంటివా?"

మాబున్ని కొంగు సర్దుకుంది. "యాడ సామీ, బట్టీ ఉంటాది కదా. మీకు తెలీనిదేముంది."

రుద్రయ్య గొంతు పెరిగింది. అరుగు మీదున్న మిగతా రోగులు కాళ్లు ముడుచుకున్నారు.

"అంటే, నీకు ఇష్టమైనవి చేస్తావు, కష్టమైంది ఇడిచిపెడతావు. మళ్లా నా దగ్గరికొచ్చి ముక్కులో నెత్తురు చూపిస్తావు. నేను చెప్పేది గాలికి చెప్పినట్ల ఉండాదా? పథ్యం చెయ్యనోళ్లకు ఈ మఠంలో మందు లేదు. లెయ్యి."

మాబున్ని లేచింది. ఆమెకూ కోపం వచ్చింది, రాదా మరి.

"సోకు కోసం కూసున్నానా సామీ నేను పొయ్యి కాడ?" అని సందులోకి వెళ్లిపోయింది.

ఆ కోపంతోనే రుద్రయ్య మధ్యాహ్నం చలివేంద్రం దగ్గరికి నడిచాడు. దాన్ని పెట్టింది అతనే. మిగతా ఊళ్లలో చలివేంద్రమంటే కుండలో నీళ్లు, ఒక చెంబు. మన రుద్రయ్య పెడితే అలా ఉంటుందా? మఠం ముందు తాటాకు పందిరి వేయించి, కొత్త కుండలు తెప్పించి, దారిన పోయేవాళ్లకు పేలాల నీళ్లు పోయించేవాడు. పేలాలకు మించిన చలవ లేదని అతని పాఠం. అందులోనూ బట్టీలోంచి దించిన పేలాలను వేడి మీదే చల్లటి కుండలో పోస్తే ఒక వాసన వస్తుంది. ఆ వాసనకే జనం ఎండలో నిలబడేవారు. తాగినవాళ్లు మఠాన్ని మెచ్చుకుని, ఆ వెంటనే రుద్రయ్యను మెచ్చుకునేవారు.

ఆ రోజు కూడా బండివాడు బస్తా దించాడు. రుద్రయ్య చెయ్యి పెట్టి చూశాడు. చురుక్కుమంది. తృప్తిగా తలాడించి కుండల్లో పోయించాడు. తరువాత లోపలికి వెళ్లి, సొరకాయ కూరతో అన్నం తిని, వట్టివేళ్ల తడక మీద నీళ్లు చిలకరించి, దాని చాటున పడుకున్నాడు.

పడుకోవడం సోమరితనం కాదు. ఆ మఠంలో ఒక కట్టుబాటు ఉంది. రోగికి ఏ పథ్యం చెబుతారో, రోగి కోలుకునేదాకా చెప్పినవాడు కూడా ఆ పథ్యమే చెయ్యాలి. అక్కడ వైద్యం నేర్పే మరిస్వామి అయ్యవారు వచ్చినప్పటి నుంచీ అంతే. కాబట్టి మాబున్ని కోసం రుద్రయ్య ప్రాణప్రదమైన ఉలవచారు మానేశాడు. మాడుకు ఆముదం పెట్టుకున్నాడు. మధ్యాహ్నం నిద్ర ఒక్కపూట తప్పలేదు. జబ్బు లేని తను ఇంత నిష్ఠగా చేస్తుంటే, జబ్బున్న మనిషికి ఏం రోగం? ఆ మాటే తలచుకుంటూ పడుకున్నాడు. తడక చాటున నిద్ర బాగానే పట్టింది.

పక్క ఊరు వెళ్లిన అయ్యవారు సాయంత్రానికి తిరిగి వచ్చారు. కాళ్లు కడుక్కుంటూ ఉండగానే రుద్రయ్య మొదలుపెట్టాడు. మాబున్ని సంగతంతా చెప్పాడు. పంపించేశానని కూడా చెప్పాడు.

అయ్యవారు చెంబు కింద పెట్టారు. "నెత్తురు నిలిచిందా?"

"పథ్యం చెయ్యకపోతే ఎట్ల నిలుస్తాది అయ్యవారూ?"

"మంట ముందర కండ్లు తిరిగితే యా పక్క పడతాది ఆ మనిషి?"

"నేను చేస్తాండా కదా," అన్నాడు రుద్రయ్య. "అన్నీ చేస్తాండా. నాకు సాధ్యమైంది ఆమెకెందుకు కాదు?"

"అన్నీనా?"

"అన్నీ."

అయ్యవారు అతని ముఖంలోకి చూశారు. "నీ కండ్లు ఎర్రగా ఉండాయే," అన్నారు.

మరునాడు మధ్యాహ్నం రుద్రయ్య కంచం ముందు పెట్టుకోబోతుంటే అయ్యవారే వంటింట్లోంచి వచ్చారు. చేతిలో ఆకుమూట, మూత కట్టిన ముంత.

"సొరకాయ, అన్నం. ముంతలో సుగంధి నీళ్లు. ఈ పూట పథ్యం బట్టీ కాడ చెయ్యి. ఆడే తిని, ఆడే పండుకోని రా."

గురువు మాట కాదనలేడు. కానీ సందు దాటుతున్నంతసేపూ రుద్రయ్యకు లోపల ఉడికిపోతూనే ఉంది. తప్పు చేసింది ఒకరు, శిక్ష ఇంకొకరికా?

బట్టీ గుమ్మంలో కాలు పెట్టగానే సెగ ముఖాన్ని కొట్టింది. పైన రేకులు, కింద పొయ్యి. మాబున్ని ముఖానికి తడిగుడ్డ చుట్టుకుని, ఒక ముక్కులో గుడ్డపీలిక దోపుకుని, ఇసుకను కలియబెడుతోంది. మూకుడులో వడ్లు చిటపటమని పేలుతున్నాయి. అతన్ని చూసి కూడా చూడనట్టు ఉంది. శెట్టి నెత్తిన తడి తువాలు వేసుకుని పొయ్యిలోకి పొట్టు తోస్తున్నాడు.

రుద్రయ్య గోడవార చతికిలబడి ఆకు విప్పాడు. విప్పిన వెంటనే అన్నం మీద బూడిద రాలింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు కానీ మింగుడు పడలేదు. ముంత పట్టుకుంటే అప్పుడే నులివెచ్చగా ఉంది.

"మాబున్నమ్మా," అన్నాడు చివరికి. "ఇది తాగు. సుగంధి నీళ్లు."

"ఆడ పెట్టు సామీ. బస్తా అయిపోనీ. ఇప్పుడు చెయ్యి తీస్తే మాడిపోతాయి."

"ఒక్క గుక్క తాగేకి ఎంతసేపు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అలా ఊపడంతోనే మనిషి తూలింది. పక్కనున్న గుంజను పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే చెయ్యి కాగే ఇసుకలోకే పోయేది. ముక్కులోని గుడ్డ మళ్లీ ఎర్రబడుతోంది. ఆమె గుంజను వదిలి, మళ్లీ ఇసుక కలియబెట్టడం మొదలుపెట్టింది.

ఇక రుద్రయ్య ఆగలేదు. శెట్టి మీదికి లేచాడు.

"నువ్వు మనిషివేనా శెట్టీ? ముక్కులో నెత్తురు కారతాంటే కనపడలేదా? ఈ ఎండలో, ఈ మిట్టమధ్యాన్నం పొయ్యి ఎలిగించేకి నీకు చేతులెట్ల వచ్చినాయి? ఆమెకేమన్నా అయితే ఎవరు దిక్కు?"

శెట్టి పొట్టు చేట కింద పడేశాడు. అతని ముఖం కూడా పొయ్యిలాగే ఉంది.

"సామీ, వేరే ఎవరన్నా అంటే పడేవాణ్ణి. నువ్వంటే మాత్రం పడను. ఎండాకాలం మా బట్టీ కోడి కూయకముందే ఎలిగిచ్చి, ఎండ ముదరకముందే ఆర్పేస్తాం. మా తాత నాటి నుంచి అంతే. ఇప్పుడు ఎవురి కోసం మండుతాండాది ఇది? పందిరి ఏసిన కొత్తలో తెల్లవారి ఏయించిన బస్తా పంపితే తిరగ్గొట్టింది ఎవరు? సల్లారిపోయినాయి, వాసన లేదు, మఠానికి పనికిరావు అని మా బండోని మొగం మీద చెప్పింది ఎవరు? మధ్యాన్నానికి వేడి మీద ఉండాలంటివి. మఠం మాట కాదని ఈ ఊర్లో బట్టీ పెట్టుకోని బతికేకవుతాదా? ఈ టయానికి ఈ పొయ్యి నీ పందిరి కోసమే మండుతాండాది. ఇంగెవురికీ కాదు."

రుద్రయ్య మూకుడులోని పేలాల వైపు చూశాడు. తరువాత మాబున్ని వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీ బస్తా మీకు తెలీదనుకుంటానా సామీ?" అంది మాబున్ని. ఆ గొంతులో కోపం ఇంకా పోలేదు, పోవలసిన పని కూడా లేదు.

"పొయ్యి ఆర్పు శెట్టీ."

"మీ పందిట్లో జనం నిలబడి ఉంటారు."

"ఉండనీ. ఆర్పు."

శెట్టి నీళ్లు చల్లాడు. పొగ లేచింది. మాబున్ని గుమ్మం దగ్గరికి వచ్చి కూలబడింది. ముంత అందుకుని, వేడెక్కిన ఆ నీళ్లే గటగటా తాగింది. మూతి తుడుచుకుంటూ రుద్రయ్యను తేరిపార చూసింది.

"రేపు మళ్లా వాసన లేదని తిరగ్గొట్టవు కదా?"

రుద్రయ్య తల దించుకుని ఆకుమూట కట్టేసుకున్నాడు.

మరునాడు పేలాలు పొద్దున్నే వచ్చేశాయి. మధ్యాహ్నానికి చల్లబడి, కుండల్లో మెత్తగా నానాయి. వాసన లేని మాట నిజమే. మొదట వచ్చినవాడు పందిరికి తాటాకులు ఇచ్చిన వీరారెడ్డి. ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"ఏంది రుద్రయ్యా ఇవి?" అన్నాడు పందిరి అదిరేట్టు. "మొన్నటిదాకా కమ్మగా ఉండె. ఈపొద్దు సప్పగా ఉండాయి. నలుగురికీ పోసేటప్పుడు మంచియి పొయ్యాలని తెలీదా? మఠం పరువేం కావాలి?"

రుద్రయ్య చెవులు వేడెక్కాయి. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడానికి కుండ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడే అయ్యవారు పందిట్లోకి వచ్చారు. లోటా తీసుకుని అదే కుండలో ముంచుకున్నారు. అడుగున ఒక్క పేలం మిగలకుండా నిదానంగా తాగారు.

"ఈపొద్దు చలవ చేస్తాండాయి," అన్నారు.

"చలవేంది అయ్యవారూ," వీరారెడ్డి గొంతు ఇంకా పెరిగింది, "రుచే లేకపోతే..."

రుద్రయ్య కుండను వదిలి అతని దగ్గరికి వచ్చాడు. పందిరి వెనకవైపు చూపించాడు. నిన్నటిదాకా తన గదిలో ఉన్న వట్టివేళ్ల తడక అక్కడ కట్టి ఉంది. తడక నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి. దాని చాటున, ముఖం మీద కొంగు కప్పుకుని, అరికాళ్లకు ఆముదంతో మాబున్ని పడుకుని ఉంది.

"మెల్లగా మాట్లాడన్నా," అన్నాడు రుద్రయ్య. "మనిషి నిద్రపోతాంది."