అమావాస్య నాడు అమ్మ ముఖం

ఏరు ఇప్పుడు పారే దారిన కాక ఊరికి అవతలి పక్కన పారే రోజుల్లో, మీ తాతల తాతలకి పాలపళ్ళైనా రాని రోజుల్లో, ఒక వీధిబడి ఉండేది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఆ ఇసుక తెచ్చి, జల్లించి, పరిచే మనిషి ఎర్నమ్మ. ఆమెకు చదువు రాదు. చెవులు మాత్రం ఊరుకునేవి కావు.

ఒకనాడు కూర్మయ్య పంతులు పద్యానికి అర్థం చెబుతున్నాడు. అమ్మ ముఖం చంద్రబింబం. అమ్మ కళ్ళు కలువలు. అమ్మ నడక హంస నడక. పిల్లలు వల్లిస్తుంటే ఎర్నమ్మ జల్లెడ ఆగిపోయింది.

"పంతులుగారూ, అమ్మ మొకం సెంద్రుడైతే అమాస నాడు పిల్లలు ఎవుర్ని సూస్తారండీ?"

"అది పోలిక ఎర్నమ్మా. నీ పని నువ్వు చూసుకో."

రెండోనాడు, "కలవలు పగలు ముడుసుకుంటాయి కదండీ, మరి అమ్మకి పగలు కళ్ళు అగపడవా?" అంది. మూడోనాడు, "అంసని మీరెప్పుడైనా సూసేరా బాబూ?" అంది. పంతులు చూడలేదు. ఆ మాట పైకి చెప్పలేక దగ్గాడు.

అదేం వెటకారం కాదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "నాకేటీ బోదపడ్నేదు" అంటూ ఇసుక జల్లించేది. ఆ తికమక పిల్లలకీ అంటుకుంది. ఇళ్ళకి పోయి అమ్మల ముఖాల్లోకి తేరిపార చూశారు. చంద్రుడెక్కడా కనపడలేదు.

ఆ బడికి తిండిగింజలిచ్చే దొర ఏడాదికోసారి వచ్చి పద్యాలు అడిగేవాడు. అక్కడి పిల్లలు తడబడ్డారని అప్పటికే పక్కూరి బడి మూయించేశాడు. ఈసారి ఇక్కడికొచ్చి, దాలమ్మ అనే చిన్నపిల్లని లేపాడు.

"అమ్మ ముఖం ఎలా ఉంటుంది?"

దాలమ్మ బుర్ర గోక్కుంది. "మా యమ్మ మొకం గంజి పొంగినట్టుంటాదండీ. గబుక్కున పొంగుతాది. ఊదితే అణిగిపోతాది."

"ఇదా చదువు! ఎవరు నేర్పారు?" అని దొర కేకేశాడు.

బడి పోతే అది తన నోటివల్లే అనుకుంది ఎర్నమ్మ. జల్లెడతోనే ముందుకొచ్చింది.

"తప్పు నాది బాబూ. నానే అడిగినాను. నాకేటీ బోదపడ్నేదు. మీరు పెద్దోరు, మీరు సెప్పండి. మీ యమ్మగారి మొకం ఏటిలాగుండేది?"

దొర చంద్రబింబం అనబోయాడు. పద్యమంతా నోటికొచ్చు. అమ్మ ముఖం తలుచుకుని మాత్రం ఎన్నేళ్ళయిందో!

"చలికాలం పొద్దున్న ఎండ పడ్డ అరుగులా ఉండేది," అన్నాడు చివరికి. అని, ఆ ఇసుకలోనే కూలబడి ఏడ్చాడు.

పిల్లలు బిత్తరపోయారు. ఎర్నమ్మ మరీను. బడి నిలిచిందనీ, గింజలు రెట్టింపయ్యాయనీ పంతులు చెబితే, "ఎందుకండీ?" అంది. చచ్చేదాకా ఆమెకు ఆ సంగతి బోధపడనే లేదు.

ఎర్నమ్మ పోయింది. ఆ బడీ పోయింది. ఆ ఊళ్ళో మాత్రం ఇప్పటికీ బిడ్డ చేత తొలి అక్షరం దిద్దించేముందు గుప్పిట్లో ఇసుక పోసి, "మీ యమ్మ ఏటిలాగుంటాది?" అని అడుగుతారు. గంజన్నా, గొడ్డలన్నా ఎవరూ తప్పుపట్టరు. చంద్రుడంటే మాత్రం ఇసుక వెనక్కి తీసేసుకుంటారు.

"ఎర్నమ్మ ఒప్పుకోదు," అంటారు. "పోయి, మీ యమ్మని సరిగ్గా సూసి రా."