చీలిన చెవి బొమ్మ వేసిన టేకాకు

కొండ కింద వాగు ఎండిపోయి నున్నటి బండలు బయటపడ్డ వేసవి అది. ముళ్ళపంది పోలమ్మ రెండు నెలలుగా ఆ బండల మీద బొమ్మలు వేస్తోంది. రాలిపడ్డ తన ముల్లే కుంచె. ఎర్రమట్టి, బొగ్గు, సున్నపురాయి, అవే రంగులు. అడవిలో తిరిగే ప్రతి జంతువునూ గీసింది. ఇంతలో పడమటి కొండ మీద మబ్బులు దిగాయి. ఒక్క పెద్ద వాన పడితే చాలు, వాగు పొంగి అన్నీ కడిగేస్తుంది. ఎవరూ చూడకుండానే పోతాయేమోనన్న బెంగతో పోలమ్మకు తిండి సయించడం లేదు.

ఆ సంగతి పసిగట్టి నక్క వచ్చింది.

"అత్తా, బుధవారం పొద్దున ప్రదర్శన పెట్టెయ్. పోస్టర్లు నాకొదిలెయ్. అడవంతా ఇక్కడే ఉంటుంది చూడు."

"ఊరికే చేస్తావా అల్లుడూ?"

"మన మధ్య అదేం మాట! వచ్చినవాళ్ళకు ఎదురెళ్ళి స్వాగతం చెప్పే పని మాత్రం నాది."

ఇంత మంచివాణ్ణి అందరూ ఎందుకు ఆడిపోసుకుంటారో అనుకుంది పోలమ్మ.

మర్నాడు నీళ్ళకు పోయే దారిలో, పొద కొమ్మకు వేలాడుతున్న టేకాకు చూసింది. ఆకు నిండా నక్క మొహం. కింద "ఏనుగు గారి అధ్యక్షతన, ఎలుగుబంటి గారి సమక్షంలో, ఆహ్వానించువారు నక్క." అడుగున చీమలంత అక్షరాలతో "బండ బొమ్మలు, వాగు."

"నా పేరేది అల్లుడూ?"

"చోటు చాల్లేదత్తా. పెద్దల పేర్లుంటేనే కదా గౌరవం!"

"మరి ఏ వారమో కూడా లేదే?"

"ఎందుకు లేదూ! ఆకు వెనకాల చూడు."

నిజంగానే వెనకాల రాసి ఉంది. పోట్లాడే స్వభావం కాదు పోలమ్మది. అక్కడే కూలబడింది.

నీళ్ళు తాగి వస్తున్న దుప్పి ఆగకుండానే పలకరించింది. "ఏం వదినా, అలా ఉన్నావ్?"

"ఆ పోస్టర్ చదివావా?"

"ఈ దారిలో ఆగి చదువుతూ కూచుంటే చిరుత వదులుతుందా? నడుస్తూ నక్క మొహం చూశాను. అది కనబడ్డాక అటు వెళ్ళే ధైర్యం మాకెక్కడిది!"

దుప్పి వెళ్ళిపోతుంటే దాని చీలిన ఎడమ చెవి ఎండలో మెరిసింది. పోలమ్మ చటుక్కున లేచింది.

సాయంత్రానికల్లా ఆ దారిలో ఇంకో టేకాకు వేలాడింది. దాని మీద ఉన్నది ఒక్క చెవి, చీలిన చెవి, ఆకంత పెద్దది. కింద, పరిగెత్తేవాళ్ళకూ కనబడే అక్షరాలతో "మిగతా బొమ్మ వాగులో. బుధవారం పొద్దున. పోలమ్మ." కోతులు గెంతే మద్దిచెట్టుకు ఒక తోక. అడవిపంది బురదగుంట దగ్గర ఒక కోర. ఎవరు తిరిగే చోట వాళ్ళది కట్టుకుంటూ పోయింది.

బుధవారం వాగు నిండిపోయింది. నక్క ఛాతీ విరుచుకుని ఎదురెళ్ళింది.

"చూశావా అత్తా, నా పోస్టర్ల మహిమ! రండి, రండి, ఇదంతా నా ఆధ్వర్యంలోనే!"

కోతి చేతిలో ఆకు ఊపింది. "ఈ తోక నాది. మిగతా నేను ఎక్కడున్నాను?"

నక్క బండలకేసి చూసి తెల్లమొహం వేసింది. ఒక్క బొమ్మనూ అది ఇంతవరకూ చూడలేదు. తోచిన బండ చూపించింది.

"ఇది అడవిపంది కదయ్యా!"

అందరూ గొల్లుమన్నారు. "పోలమ్మ ఎవరు? ఆమెను పిలవండి!" అన్నారు. పోలమ్మ ముందుకొచ్చి, ఒక్కొక్కరినీ వాళ్ళ బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. దుప్పి తన బొమ్మ ముందు చాలాసేపు కదల్లేదు.

"వానొస్తే ఇది పోతుంది కదా వదినా?"

"పోనీలే. నువ్వు చూశావుగా."

జనం పలచబడ్డాక నక్క చివరి బండ దగ్గర కనబడింది. ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి, పసిపిల్లలా నిద్రపోతున్న నక్క బొమ్మ అది.

"నేనేనా అత్తా?"

"నువ్వే."

"అందరికీ ఆకులు కట్టావు. నన్ను మాత్రం పిలవాలనిపించలేదా?"

"మొదటి ఆకు నీకే వేశాను నాయనా. నీ బొరియ ముందే కట్టాను. నీ మొహాన్ని అడవంతా కట్టే హడావుడిలో నువ్వు ఇంటికే వెళ్ళలేదు."

నక్క తోక ముడుచుకుని, ఆ ఆకు చూడ్డానికి బొరియ దారి పట్టింది.

నీతి: పిలిచేవాడి మొహం కాదు, రావలసినవాడి మొహం కనబడితేనే అది పిలుపు.